తలనొప్పి వచ్చిందని మాత్ర మానుకొనవద్దు



కాలు విరిగితే ఊరంతా వచ్చి చూసి వెళతారు. పచ్చకామెర్లు వస్తే ఏ ఊరిలో పసరు పోస్తారో పదిమంది చెబుతారు. అదే మనస్సుకు జబ్బు వస్తే ఇంటి తలుపులు మూసుకొంటాయి. వాడే మాత్రల పేరు కూడా బయటికి రానివ్వము. ఎవరైనా అడిగితే, "ఏమీ లేదండీ, తలనొప్పి మాత్రలు" అంటాము. ఈ మాట నేను ఎన్నో ఇళ్ళలో విన్నాను. అయితే ఆ మాత్రలు వాడేవారిలో కొందరికి నిజముగానే తలనొప్పి వస్తుంది. అప్పుడు వారు ఎవరితో చెప్పుకొంటారు? తలనొప్పి మాత్రలు మింగుతూ తలనొప్పి అంటే ఎవరు నమ్ముతారు?

ఈ నెల ఆ తలనొప్పి గురించే వ్రాస్తున్నాను. చిన్న విషయమని మీకు తోచవచ్చు. కాని బైపోలార్ అనే జబ్బుకు మాత్రలు వాడుచున్నవారు మధ్యలో మానివేయడానికి చెప్పే కారణములు చాలావరకు ఇలాంటివే. తల బరువు, చేతి వణుకు, మత్తు, ఒళ్ళు రావడం. మాత్ర మానితే తల తేలికపడవచ్చు. కొన్ని వారములకో నెలలకో అసలు జబ్బు తిరిగి వచ్చి కూర్చుంటుంది. నేను వైద్యుడను కాను. సంఘములలో తిరుగుతూ చూసినవి, డాక్టర్లను అడిగి తెలుసుకొన్నవి మీ ముందు పెడుతున్నాను. మోతాదు మార్చే పని మాత్రము మీ డాక్టరు గారిదే.

ఈ మాత్రల సంగతి

బైపోలార్ ఉన్న మనిషికి కొన్నాళ్ళు మనస్సు పట్టపగ్గాలు లేకుండా ఉరుకుతుంది. రెండు గంటలు పడుకొన్నా అలసట ఉండదు, మాట ఆగదు, అప్పు చేసి మరీ ఖర్చు పెడతాడు, తానే గొప్ప ప్రవక్తనంటాడు. మరి కొన్నాళ్ళు కృంగుదల. మంచము దిగలేడు, అన్నము సయించదు, చనిపోవాలన్న తలంపు వెంటాడుతుంది. మధ్యలో మనందరివలెనే ఉంటాడు. ఇది దయ్యము కాదు, చేతబడి కాదు, తల్లిదండ్రుల పెంపకములో లోపమూ కాదు.

మనస్సును నిలకడగా ఉంచడానికి ఇచ్చే మందులలో ముఖ్యమైనవి నాలుగు. లిథియం, వాల్‌ప్రోయేట్, కార్బమజెపైన్, లామోట్రిజిన్. వీటితోపాటు ఒలాంజపైన్, క్వెటియాపైన్ వంటివి కూడా ఇస్తుంటారు. మాత్రల అట్టమీద కంపెనీ పెట్టిన పేరు ఒకటి, అసలు మందు పేరు ఒకటి, రెండూ ఉంటాయి. అసలు పేరు తెలుసుకోండి. చదువు రానివారు పిల్లలచేత చదివించుకోండి. తలనొప్పి వచ్చినప్పుడు ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు అన్నది ఆ పేరునుబట్టే ఉంటుంది.

వీటన్నిటిలో పాతది లిథియం. ఇది ఉప్పు జాతికి చెందినది, రాళ్ళలోను ఉప్పునీటిలోను దొరుకుతుంది. ఆస్ట్రేలియా దేశస్థుడైన జాన్ కేడ్ అనే డాక్టరు రెండవ ప్రపంచ యుద్ధకాలములో సింగపూరులోని చాంగీ చెరలో మూడేళ్ళకు పైగా యుద్ధఖైదీగా ఉన్నాడు. విడుదలై వచ్చి, మెల్బోర్న్ దగ్గర బండూరా మానసిక ఆసుపత్రిలో పనిచేస్తూ, ముందు తానే లిథియం మింగి చూచుకొని, తరువాత ఉన్మాదములో ఉన్న 10 మంది రోగులకు ఇచ్చాడు. ఆ ఫలితములు 1949లో ప్రచురించాడు. వారిలో మొదటి రోగి అయిదేళ్ళుగా కుదురు లేకుండా ఉన్నవాడు. లిథియంతో కొద్ది నెలలలోనే ఇంటికి వెళ్ళి తన పాత పనిలో చేరాడు. అక్కడ మాత్ర మానేశాడు. జబ్బు తిరిగి వచ్చి మరల ఆసుపత్రిలో పడ్డాడు. చివరకు 1950లో, ఒంటిలో లిథియం ఎక్కువై విషముగా మారి, చనిపోయాడు. మానినందువలన వచ్చే కష్టము, మించినందువలన వచ్చే కష్టము, రెండూ ఆ ఒక్క మనిషే పడ్డాడు. తరువాత డెన్మార్కులో మోగెన్స్ షౌ అనే డాక్టరు 1954లో మరింత జాగ్రత్తగా ఈ మందును పరీక్షించాడు. రక్తములో లిథియం ఎంత ఉందో కొలిచే పద్ధతులు స్థిరపడిన తరువాతనే దానిని ధైర్యముగా వాడగలిగారు. అమెరికాలో 1970లో అనుమతి వచ్చింది. లిథియం వాడేవారిని డాక్టరు గారు మాటిమాటికి రక్తపరీక్ష చేయించుకొమ్మని ఎందుకంటారో దీనివలన తెలుస్తుంది. అది డబ్బుకోసము కాదు.

తల ఎందుకు నొస్తుంది?

మాత్ర మొదలుపెట్టిన తొలి వారములలోను, మోతాదు పెంచినప్పుడును తల బరువుగా ఉండడము, కణతలు లాగడము తరచుగా కనబడేదే. లామోట్రిజిన్ వాడేవారు ఈ మాట ఎక్కువగా చెబుతారు. చాలామందికి శరీరము అలవాటు పడేకొద్దీ తగ్గిపోతుంది. వాల్‌ప్రోయేట్ సంగతి కాస్త వింత. ఒంటి తలనొప్పి, అనగా మైగ్రేన్, రాకుండా ఆపడానికి డాక్టర్లు ఇచ్చే మందులలో అదీ ఒకటి. అయినా కొందరికి దానివలననే తల నొస్తుంది. గనుక ఎవరికి వారే తీర్పు చెప్పుకోకూడదు.

ఇంకొక మాట. బైపోలార్ ఉన్నవారిలో మైగ్రేన్ కూడా ఉండడము మిగతా జనములో కంటె ఎక్కువ. తలనొప్పి ఈ మాత్రలకు ముందే ఉన్నదేమో జ్ఞాపకము చేసుకోండి. నిద్ర చాలకపోయినా, భోజనము వేళ తప్పినా, కళ్ళజోడు మార్చవలసి ఉన్నా, రక్తపోటు పెరిగినా తల నొస్తుంది. రోజుకు అయిదారు గ్లాసుల టీ త్రాగేవారు ఒక్కసారిగా మానివేస్తే రెండు మూడు రోజులు తల పగిలిపోతుంది. లిథియం వాడేవారికైతే టీ కాఫీలు ఒక్కసారిగా మానడమువలన రక్తములో లిథియం కొంత పెరుగుతుంది కూడా. మానదలచుకొంటే కొద్దికొద్దిగా తగ్గించుకోండి. దీర్ఘకాలము లిథియం వాడినవారికి థైరాయిడ్ మందగించవచ్చు. కార్బమజెపైన్ వాడేవారికి రక్తములో సోడియం, అనగా ఉప్పు పాలు, పడిపోవచ్చు. తలనొప్పి, వికారము, తికమక దాని గుర్తులు. ఇవన్నీ రక్తపరీక్షలో తేలే విషయములే.

డాక్టరు గారికి చెప్పేటప్పుడు "ఎప్పుడూ నొప్పేనండి" అంటే ఆయనకు ఏమీ తెలియదు. మన ఇళ్ళలో గోడకు క్యాలెండరు ఉంటుంది గదా! తల నొచ్చిన రోజున ఆ గడిలో పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఎన్ని గంటలకు మొదలైంది, మాత్ర వేసుకొన్న ఎంతసేపటికి, ఒక ప్రక్కనా తలంతానా, ముందురోజు రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, నొప్పికి ఏమి మింగారు, రెండు మూడు ముక్కలు వ్రాస్తే చాలు. రెండు వారములు ఇలా చేసి ఆ కాగితము చింపి తీసుకొని వెళ్ళండి. పెద్దాసుపత్రి ఓపీలో ఒక్కొక్కరికి దొరికేది రెండు మూడు నిమిషములే. ఆ కాగితము ఉంటే ఆ కొద్ది సమయములోనే డాక్టరు గారు మోతాదు తగ్గించవచ్చు, ఉదయపు మాత్రను రాత్రికి మార్చవచ్చు, నెమ్మదిగా కరిగే రకము ఇవ్వవచ్చు, మందే మార్చవచ్చు. మార్గములు చాలా ఉన్నాయి. చెప్పకుండా మానేసిన మనిషికి వాటిలో ఒక్కటీ దొరకదు.

ఈలోగా ఇంటిలో చేసుకోదగినవి ఉన్నాయి. ఖాళీ కడుపున కాక అన్నము తిన్న తరువాత మాత్ర వేసుకోవడము, రోజూ ఒకే వేళకు పడుకోవడము, నొప్పి వచ్చినప్పుడు చీకటి గదిలో నుదుటిమీద తడిగుడ్డతో పడుకోవడము. సొంఠి పట్టు వేసినా, అమృతాంజనము రాసినా హాని లేదు. ఇంటివారు ఆ గంటసేపు టీవీ కట్టేస్తే అదీ ఒక వైద్యమే. (మందిరము ప్రక్క ఇంటిలో ఇటువంటి రోగి ఉంటే మన మైకు బాకా ఆ ఇంటివైపునుండి త్రిప్పించవలసిన బాధ్యత మనదే. దేవునికి చెవుడు లేదు.)

ఎండ, ఉప్పు, నొప్పి సూది

ఈ వ్యాసములో ఒక్క భాగమే చదివే తీరిక ఉన్నవారు ఇది చదవండి.

నాకు తెలిసిన ఒక గ్రామ సంఘములో దర్జీ పని చేసుకొనే సహోదరుడు ఉన్నాడు. ఆరేళ్ళుగా లిథియం వాడుతూ, జబ్బు మాట మరచిపోయి, కుటుంబమును చక్కగా పోషించుకొంటున్నాడు. ఒక మే నెలలో పెళ్ళిళ్ళ బట్టలు గుట్టలుగా వచ్చాయి. రేకుల షెడ్డులో పగలంతా మిషను తొక్కాడు. చెమట ధారలు. నీళ్ళు త్రాగడానికి లేచే తీరిక లేదు. తలనొప్పి పట్టుకొంది. ఊరిలో ఉన్న ఆర్ఎంపీ దగ్గరకు వెళితే ఒక నొప్పి సూది వేసి, నాలుగు రోజులకు మాత్రలు ఇచ్చాడు. తాను లిథియం వాడుతున్నట్టు ఇతడు చెప్పలేదు, అతడు అడగలేదు. తలనొప్పి తగ్గింది. అయిదవ రోజున వాంతులు, విరేచనములు. చేతులు వణికి సూదిలో దారము ఎక్కించలేకపోయాడు. మాట ముద్దగా వచ్చింది, నడుస్తుంటే తూలాడు. జీవితములో కల్లు ముట్టని మనిషిని చూసి వీధివారు నవ్వారు. అతని భార్య మాత్రము నవ్వలేదు. ఇంటిలో ఉన్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకొని, ఆటో మాట్లాడుకొని జిల్లా కేంద్రములోని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళింది. ఆ సంచి చూడగానే అక్కడి డాక్టరుకు సంగతి అర్థమైంది. లిథియం ఆపి, సెలైన్ ఎక్కించి, రోజూ రక్తము పరీక్షించారు. నేను వెళ్ళి చూసేసరికి మాట స్పష్టమైంది. తరువాత తక్కువ మోతాదుతో అదే మందు మరల మొదలుపెట్టారు. ఇప్పటికీ బట్టలు కుడుతున్నాడు.

జరిగినది ఇది. లిథియం ఉప్పు జాతిది గనుక మన మూత్రపిండములు దానిని ఉప్పువలెనే చూస్తాయి. చెమటలోను విరేచనములలోను ఒంటిలోని ఉప్పు, నీరు పోయినప్పుడు అవి మిగిలిన ఉప్పును పట్టి ఉంచుకొంటాయి. దానితోపాటు లిథియమును కూడా పట్టి ఉంచుతాయి. రోజూ మ్రింగే మాత్ర అదే అయినా రక్తములో పాలు పెరుగుతుంది. దానిమీద ఆ నొప్పి సూది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటి నొప్పి మందులు మూత్రపిండములు లిథియమును బయటికి పంపే పనిని మందగింపజేస్తాయి. వోవెరాన్ అంటే డైక్లోఫెనాకే. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ ఉంది. ఇవి మన మందుల షాపులలో చీటీ లేకుండానే చేతికి వచ్చేస్తాయి. మామూలు మనిషికి ఒకటి రెండు మాత్రలతో ఏమీ కాకపోవచ్చు. లిథియం వాడే మనిషికి అవే ప్రమాదము.

అయితే తల నొస్తే ఏమి వేసుకోవాలి? ఒక్క పారాసిటమాల్ మాత్రమే ఉన్న బిళ్ళ సాధారణముగా లిథియముతో పడుతుంది. "ఒక్క" అన్న మాటను గమనించండి. పారాసిటమాల్‌తో వేరొక నొప్పి మందు కలిపిన బిళ్ళలు షాపులో ఎన్నో ఉన్నాయి. కాలేయపు జబ్బు ఉన్నవారు, మద్యము అలవాటు ఉన్నవారు, వాల్‌ప్రోయేట్ వాడుచున్నవారు ముందు డాక్టరును అడగాలి. పారాసిటమాల్ అయినా రోజూ మింగకూడదు. నెలలో 15 రోజులు, అంతకంటె ఎక్కువ నొప్పి మాత్రలు నెలల తరబడి మింగేవారికి ఆ మాత్రల వలననే రోజూ తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడుతుంది.

రక్తపోటుకు ఇచ్చే మందులలో కూడా కొన్ని లిథియమును పెంచుతాయి. మూత్రము ఎక్కువగా పోయేలా చేసే హైడ్రోక్లోరోథయాజైడ్, ఎనలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ అటువంటివి. బీపీ ఉందని ఒక్కసారిగా ఉప్పు మానివేసినా అదే ఫలితము. ఉప్పు రోజూ ఒకే రీతిగా తినాలి. పండుగనాడు అదనముగా వద్దు, పథ్యమని ఒక్కసారిగా మానడమూ వద్దు. ఎండకాలములో పొలము పనికి వెళ్ళేవారు, ఇటుక బట్టీలలో పనిచేసేవారు దాహము వేసేవరకు ఆగకుండా నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ, గంజి త్రాగుతూ ఉండాలి. వాంతులు, విరేచనములు పట్టుకొంటే ఓఆర్ఎస్ పాకెట్టు కలుపుకొని త్రాగుతూ, తరువాతి లిథియం మాత్ర వేసుకోవాలా వద్దా అని ఆ రోజే డాక్టరును అడగాలి.

షూనేము తల్లి కుమారుడు కోతకాలములో తండ్రి దగ్గర పొలములో ఉండగా తల పట్టుకొని మొరపెట్టిన సంగతి రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో చదువుతాము. అది ఎండదెబ్బ అని అక్కడ వ్రాయలేదు గాని, కోతకాలపు పొలములో తలనొప్పి అన్న మాట వింటే మన రైతు కుటుంబములు తేలికగా తీసుకోవు. లిథియం వాడేవారి విషయములో మరింత జాగ్రత్త కావాలి.

ఉపవాసము, ప్రార్థన

శ్రమల దినములు మన ప్రాంతములో ఎండలు ముదిరేవేళకే వస్తాయి. శుభ శుక్రవారమున పన్నెండు గంటలనుండి మూడు గంటలవరకు పందిరిక్రింద కూర్చొని, నీళ్ళు కూడా ముట్టనివారు అనేకులు. వారి భక్తిని నేను గౌరవిస్తాను. అయితే లిథియం వాడే సహోదరుడు, సహోదరి నీళ్ళు లేని ఉపవాసము చేయకూడదు. ఇది నా స్పష్టమైన అభిప్రాయము, ఈ మాట సంఘ పెద్దలే వారితో చెప్పాలి. రోగి తనంతట తాను అడగడు, సిగ్గుపడతాడు. వేరే విధమైన ఉపవాసము వారికి నేర్పండి. ఇష్టమైన కూర మానుకోవచ్చు, టీవీ మానుకోవచ్చు, ఆ డబ్బు బీదలకు ఇవ్వవచ్చు. రాత్రంతా మేలుకొనే ప్రార్థనలు కూడా ఈ జబ్బు ఉన్నవారికి మంచివి కావు. నిద్ర చెడడమే చాలామందికి ఉన్మాదమునకు మొదటి మెట్టు, తలనొప్పికి కూడా అదే మొదటి మెట్టు.

స్వస్థత కూటములలో మాత్రలను వేదికమీద పారవేయించేవారు ఉన్నారు. నేను దానిని అంగీకరించను. యెషయా ప్రవక్త రాజైన హిజ్కియాకు దేవుని వాగ్దానము చెప్పిన తరువాత కూడా పుండుమీద అంజూరపు ముద్ద కట్టించాడు. పౌలుతో కలిసి ప్రయాణము చేసిన లూకా వైద్యుడు. ప్రార్థన చేసి మాత్ర వేసుకొనేవానికి విశ్వాసము తక్కువ అని లేఖనములలో ఎక్కడా కనబడదు. వాల్‌ప్రోయేట్, కార్బమజెపైన్, లామోట్రిజిన్ ఒక్కసారిగా ఆపితే కొందరికి ఫిట్స్ రావచ్చు. లిథియం ఒక్కసారిగా ఆపినవారికి జబ్బు త్వరగా, మరింత బలముగా తిరిగి వచ్చే ప్రమాదము ఉంది. ఆత్మహత్య తలంపులు కూడా ఎక్కువవుతాయి. డాక్టరు గారు ఆపించవలసి వచ్చినా, ప్రమాద సమయములో తప్ప, కనీసము నాలుగు వారములు, వీలైతే మూడు నెలలు పట్టేటట్టు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. లామోట్రిజిన్‌కు మరొక చిక్కు ఉంది. అయిదారు రోజులు మానినవారు తిరిగి పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు. ఒంటిమీద ప్రాణాంతకమైన దద్దుర్లు రావచ్చు. మరల చిన్న మోతాదునుండి ఎక్కవలసిందే.

ఆ రోజే ఆసుపత్రికి

కొన్ని తలనొప్పులకు క్యాలెండరు, పెన్సిలు అంటూ కూర్చోకూడదు. తలనొప్పితో జ్వరము, మెడ బిగుసుకొనిపోవడము, వెలుగు చూడలేకపోవడము ఉంటే వెంటనే వెళ్ళాలి. లామోట్రిజిన్ వాడేవారిలో అరుదుగా మెదడు పొరలకు వాపు వస్తుంది, అమెరికా ఔషధ సంస్థ 2010లో దీనిని గురించి హెచ్చరించింది. పడుకొంటే ఎక్కువయ్యే తలనొప్పి, చూపు మసకబారడము, ఒకటి రెండుగా కనబడడము, చెవులలో హోరు ఉంటే తలలో ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. లిథియముతో అరుదుగా అలా జరుగుతుంది. ముద్ద మాట, తూలడము, పెద్ద వణుకు, వాంతులు, తికమక ఉంటే లిథియం విషమైనట్టు అనుమానించి 108కి ఫోను చేయండి. ఒక్కసారిగా పిడుగు పడినట్టు వచ్చిన తలనొప్పి, కాలుచేయి పడిపోవడము, మూతి వంకర పోవడము ఎవరికి వచ్చినా ఆలస్యము చేయవద్దు. వెళ్ళేటప్పుడు మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకొని వెళ్ళండి. ఆ దర్జీ భార్య చేసినట్టు.

మన స్త్రీల విషయము

పెండ్లి సమయములో జబ్బు దాచిపెట్టి అమ్మాయిని అత్తవారింటికి పంపిన కుటుంబములు నాకు తెలుసు. ఆ అమ్మాయి మాత్రలను బియ్యపు డబ్బాలో దాచుకొని, అందరూ పడుకొన్న తరువాత మింగుతుంది. ఒకనాడు అత్తగారి కంటబడితే, "తలనొప్పి మాత్రలు అత్తయ్యా" అంటుంది. తరువాత నిజముగా తల నొచ్చినప్పుడు ఆ అత్తగారు ప్రేమతోనే ఒక పెద్ద డాక్టరు దగ్గరకు తీసుకొని వెళతారు. అక్కడ అసలు జబ్బు పేరు నోటివెంట రాదు. ఆ డాక్టరు మైగ్రేన్ అనుకొని ఎమిట్రిప్టిలిన్ వ్రాయవచ్చు, అది బైపోలార్ ఉన్నవారిని ఉన్మాదములోకి నెట్టగలదు. ఫ్లునారిజిన్ వ్రాయవచ్చు, అది కృంగుదలను తేగలదు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇంటిలో చెప్పలేకపోయినా, తల్లీ, డాక్టరుతో మాత్రము ఒంటరిగా ఒక్క నిమిషము మాట్లాడతానని చెప్పి అన్ని మాత్రల పేర్లు చెప్పు. భర్తకు చెప్పడము మరింత మంచిది. పెండ్లికి ముందే చెప్పడము అన్నిటికంటె మంచిది. పెండ్లి సంబంధములు చూసే పాస్టర్లు కూడా ఈ విషయములో నోరు విప్పాలి.

వాల్‌ప్రోయేట్ గర్భిణులకు తగినది కాదు. గర్భములో ఉండగా ఆ మందు పడిన శిశువులలో నూటికి సుమారు పదిమందికి పుట్టుకతో అవయవ లోపములు, 30 నుండి 40 మందికి ఎదుగుదలలో ఇబ్బందులు కనబడ్డాయి. గనుక పిల్లలు కనే వయస్సులో ఉన్నవారు ముందుగానే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి. తెలియక గర్భము వస్తే భయపడి తమంతట తామే ఆపకుండా ఆ వారములోనే వెళ్ళి చూపించుకోవాలి. లామోట్రిజిన్ వాడేవారు పిల్లలు పుట్టకుండా ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు మొదలుపెట్టినా, ఆపినా ఆ సంగతి చెప్పాలి. ఆ మాత్రలు రక్తములో లామోట్రిజిన్‌ను తగ్గిస్తాయి, అవి ఆపితే అది పెరుగుతుంది. "నెలలో ఒక వారము తల నొస్తుంది, మిగతా రోజులు బాగుంటుంది" అనేవారికి ఒక్కొక్కసారి కారణము ఇక్కడే ఉంటుంది.

ఎక్కడ చూపించుకోవాలి?

హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగము ఉంటుంది. చిత్తూరు, నెల్లూరు వైపువారు చాలామంది వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వెళతారు. అక్కడి మానసిక వైద్య కేంద్రము 1957లో మొదలైంది. రోగితోపాటు ఇంటిమనిషి ఒకరు ఉండి జబ్బును గురించి తానూ నేర్చుకొనే పద్ధతి అక్కడిది. అంత దూరము పోలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ అది. రూపాయి ఖర్చు లేదు, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పడానికి భయపడేవారికి ఇదే తేలిక మార్గము.

లిథియం రక్తపరీక్ష అన్ని ఊళ్ళలో ఉండదు. పట్టణములోని పెద్ద ల్యాబులలోను, పెద్దాసుపత్రులలోను చేస్తారు. సాధారణముగా 0.6 నుండి 1.0 వరకు ఉండేటట్టు చూస్తారు, 1.5 దాటితే ప్రమాదము. రాత్రి మాత్ర వేసుకొన్న 12 గంటలకు రక్తము ఇవ్వాలి. రాత్రి ఎనిమిదికి వేసుకొంటే ఉదయము ఎనిమిదికి. ఉదయము కూడా మాత్ర ఉన్నవారు దానిని జేబులో పెట్టుకొని వెళ్ళి, రక్తము ఇచ్చిన తరువాత వేసుకోవాలి. ఈ ఒక్క పరీక్షకే అయితే పరగడుపున ఉండనక్కర లేదు. ఇడ్లీ తిని, నీళ్ళు త్రాగి బస్సెక్కవచ్చు.